మెయిల్ బండిలో మన ఉత్తరాలు, మన ప్రాణాలు

ఫౌజులో చేరిన మొదటి ఏడాదే నాకు ఒక సంగతి బోధపడింది. సిపాయికి రెండు బండ్లే ముఖ్యం. ఒకటి లీవుకి ఇంటికి తీసుకెళ్లేది. రెండోది ఇంటి నుంచి ఉత్తరం తెచ్చేది. చాలాకాలం ఆ రెండూ ఒకటే బండి. దాని పేరు మెయిల్.

ఈ రోజు 'మెయిల్' అంటే మన పిల్లలకి సెల్‌ఫోన్లో వచ్చేదే గుర్తొస్తుంది. రైలుకి ఆ పేరు ఎందుకు వచ్చిందో చెప్పాల్సిన కాలం వచ్చింది. అందుకే నాకు తెలిసిన నాలుగు మాటలు ఇక్కడ రాస్తున్నాను.

ఇంగ్లాండు నుంచి ఓడలో వచ్చిన టపా సంచుల్ని బొంబాయి రేవులో దించుకుని ఉత్తరాదికి పరుగెత్తడానికి పుట్టినవి ఆనాటి పెద్ద మెయిళ్లు. పంజాబ్ మెయిల్ 1912 జూన్ 1న మొదలైంది. ఫ్రాంటియర్ మెయిల్ 1928 సెప్టెంబరు 1న బయల్దేరి పెషావర్ దాకా వెళ్లేది. దొరలు, సంచులు ముందు. మన సిపాయి తరవాత. దేశ విభజనతో ఆ బండి అమృత్‌సర్ దగ్గర ఆగిపోయింది. 1996లో దాని పేరు గోల్డెన్ టెంపుల్ మెయిల్ అయింది.

మన తెలుగువాళ్లకి మాత్రం మెయిల్ అంటే హౌరా-మద్రాసు మెయిలే. బెజవాడ దగ్గర కృష్ణ మీద 1893లో, రాజమండ్రి దగ్గర గోదావరి మీద 1897లో వంతెనలు పడ్డాకే తూర్పు తీరం వెంట కలకత్తాకి తిన్నగా దారి ఏర్పడింది. 1900 నుంచి ఆ దారిలో మెయిల్ నడుస్తోంది. మా ఊరు రాజమండ్రికి దగ్గర్లో ఒక పల్లె. పాత హేవలాక్ వంతెన మీద బండి మోత మా ఇంటిదాకా వినిపించేది. సరిగ్గా నూరేళ్లు పనిచేసి 1997లో ఆ వంతెన సెలవు తీసుకుంది. అంత సర్వీసు మనలో ఎవరు చేశాం చెప్పండి!

మెయిల్ బండిలో ఒక ఎర్ర పెట్టె ఉండేది. అది ఆర్.ఎం.ఎస్. వాళ్లది. నడిచే బండిలోనే ఉత్తరాలు విడదీసే పని మన దేశంలో 1863లో అలహాబాదు-కాన్పూరు మధ్య మొదలైంది. 1907లో దానికి రైల్వే మెయిల్ సర్వీస్ అని పేరు పెట్టారు. రాత్రంతా దీపం కింద నిలబడి, బండి ఊపుకి ఊగుతూనే, చిన్న చిన్న గూళ్లలో ఊరి వారీగా కార్డులు పడేసేవాళ్లు. ఆ పెట్టెకి ఒక కంత ఉండేది. పోస్టాఫీసు కట్టేసిన తరవాత కూడా లేటు ఫీజు స్టాంపు అంటించి అందులో ఉత్తరం వేయొచ్చు. నడిచే బండిలో విడదీసే ఆ పని 1980ల్లో ఆగిపోయింది. ఇప్పుడు సంచులు కొన్ని రైళ్లలో వెళ్తాయి గానీ, ఊగుతూ చదివే ఆ కళ్లు లేవు.

రాజమండ్రిలో మా నాన్నగారు వేసిన ఇన్లాండు లెటరు ఆ మెయిల్ ఎక్కి కలకత్తా చేరి, అక్కడి బేస్ పోస్టాఫీసులో 99 ఏ.పి.ఓ. సంచిలో పడి, అస్సాంలో మా యూనిట్‌కి వచ్చేది. పడమటి వైపు వాళ్లకైతే ఢిల్లీ మీదుగా 56 ఏ.పి.ఓ. కవరు మీద యూనిట్ పేరే గానీ ఊరి పేరు ఉండకూడదు. ఎక్కడున్నామో శత్రువుకే కాదు, కన్నతల్లికీ తెలియదు. ఈ పని చేసే ఆర్మీ పోస్టల్ సర్వీస్ 1972 మార్చి 1న విడి కోర్ అయింది. తుపాకీ పట్టినా పట్టకపోయినా వాళ్లు మనకి చేసిన మేలు చిన్నది కాదు.

ఇక పెట్టెల సంగతి. స్వాతంత్ర్యం వచ్చేనాటికి చాలా పెట్టెలు చెక్కవే. 1955 అక్టోబరు 2న మద్రాసు పెరంబూరులో నెహ్రూగారు ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీని ప్రారంభించారు. స్విట్జర్లాండు నమూనాలో ఇనప పెట్టెలు తయారయ్యాయి. మనం ట్రంకుపెట్టె, హోల్డాలు పట్టుకుని వారంట్ మీద తిరిగిన మెరూన్ పెట్టెలూ, తరవాతి నీలం పెట్టెలూ ఇవే. స్లీపరులో 72 బెర్తులు. మన లీవుల కాలమంతా వీటిలోనే గడిచింది. కానీ వీటికి ఒక లోపం ఉంది. ఒక పెట్టెని ఇంకోదానికి మర కొక్కెంతో బిగిస్తారు, పక్కన బఫర్లు ఉంటాయి. గట్టిగా గుద్దుకుంటే ఒక పెట్టె లేచి ఇంకోదాని మీదికి ఎక్కుతుంది, లేదా లోపలికి దూసుకుపోతుంది.

1998 నవంబరు 26న పంజాబులోని ఖన్నా దగ్గర పట్టా విరిగి గోల్డెన్ టెంపుల్ మెయిల్ పెట్టెలు పక్క లైను మీద పడ్డాయి. ఎదురొచ్చిన సియాల్దా బండి వాటిని గుద్దింది. 200 మందికి పైగా పోయారు. తొమ్మిది నెలలు తిరక్కుండానే, 1999 ఆగస్టు 2 తెల్లవారుజామున, బెంగాల్లోని గైసాల్ దగ్గర బ్రహ్మపుత్ర మెయిల్, అవధ్ అస్సాం ఎక్స్‌ప్రెస్ ఎదురెదురుగా ఢీకొన్నాయి. ఒకే లైను మీదికి రెండు బండ్లు వచ్చేశాయి. 280 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో మన జవాన్లు, కేంద్ర బలగాల వాళ్లు చాలామంది.

అప్పుడు నేను అస్సాంలోనే ఉన్నాను. జూలై ఆఖరున ఇంటికి ఉత్తరం రాశాను: "ఆగస్టు మొదటి వారంలో లీవు దొరికేలా ఉంది, బయల్దేరుతున్నాను." ఆ ఏడాది కార్గిల్ వల్ల లీవు వెనక్కి జరిగింది. ఆ మాట ఇంట్లో వాళ్లకి తెలియదు. అస్సాం నుంచి వచ్చే ఏ బండైనా గైసాల్ మీదుగానే రావాలి. టీవీలో వార్త చూసిన మూడో రోజున నా ఉత్తరం చేరింది. ఊరంతా సంతోషించారు. మా అమ్మ మాత్రం పోస్టుమాన్‌ని ఆపి ముద్ర మీద తేదీ చదివించుకుందట. "ఇది అంతకు ముందు రాసింది కదా బాబూ, ఇప్పుడున్నాడని ఇది ఎలా చెబుతుంది?" అందట. ఎస్.టి.డి. బూతులో గంటల కొద్దీ వరసలో నిలబడి, ఊళ్లో కిరాణా కొట్టు ఫోనుకి నేను చేసిన కాల్ ఆ సాయంత్రం కలిసింది. అమ్మ "అబ్బాయ్" అని ఊరుకుంది. ఇంకేమీ అడగలేదు.

తరవాత లీవుకి వస్తూ పగటిపూట గైసాల్ దాటాను. లైను పక్కకి తోసేసిన పెట్టెలు ఇంకా ఉన్నాయి. మా పెట్టెలో పేకాట ఆగిపోయింది. కిషన్‌గంజ్ వచ్చేదాకా ఎవరూ మాట్లాడలేదు.

2000 ప్రాంతంలో జర్మనీ నమూనా ఎల్.హెచ్.బి. పెట్టెలు వచ్చాయి. తరవాత కపుర్తలాలో, పెరంబూరులో మనవాళ్లే తయారుచేస్తున్నారు. స్టెయిన్‌లెస్ స్టీలు ఒళ్లు, గంటకి 160 కిలోమీటర్ల వేగానికి తగిన చక్రాలు, స్లీపరులో 80 బెర్తులు. అన్నిటికన్నా ముఖ్యం, మధ్యలో ఉండే కొత్త కప్లర్. దానివల్ల పెట్టె మీద పెట్టె ఎక్కడం బాగా తగ్గింది. 2018 జనవరితో పెరంబూరులో పాత నమూనా పెట్టెల తయారీ ఆపేశారు. ఈ పని ఇరవై ఏళ్లు ముందే జరిగి ఉంటే ఎంతమంది ఇళ్లకి చేరేవారో కదా అనిపిస్తుంది.

అయితే పెట్టె ఒక్కటే కాపాడదు. 2023 జూన్ 2న మన మద్రాసు మెయిల్ నడిచే దారిలోనే, బాలాసోర్ దగ్గర బహనాగా బజార్‌లో, కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ సిగ్నల్ లోపంతో లూప్ లైనులోకి వెళ్లి గూడ్సుని గుద్దింది. అవి కొత్త పెట్టెలే. అయినా 290 మందికి పైగా పోయారు. గైసాల్లో జరిగిందీ లైను తప్పే. బంకరు ఎంత గట్టిగా కట్టినా సెంట్రీ నిద్రపోతే ఏమవుతుందో మనకి ఒకరు చెప్పనక్కర్లేదు. మన వికారాబాద్ సెక్షన్‌లో మొదట పరీక్షించిన కవచ్ యంత్రాలు దేశంలోని ప్రతి లైనుకీ త్వరగా రావాలని కోరుకుందాం.

అమ్మ పోయాక ఆమె ఇనప్పెట్టెలో ఆ ఉత్తరం దొరికింది. తేదీ ముద్ర చుట్టూ పెన్సిలుతో గీసిన సున్నా ఉంది. మిత్రులారా, మీ ఇళ్లలోనూ అలాంటి ఏ.పి.ఓ. ముద్ర ఉన్న ఉత్తరాలు ఉంటాయి. పాత కాగితాలని అమ్మేయకండి. పిల్లల్ని కూర్చోబెట్టి, ఇది ఏ బండిలో, ఏ దారిన వచ్చిందో చెప్పండి.

జై హింద్.