ఆర్‌ఎస్‌ఐ 30కి పడితే కొనేయొచ్చా..? బార్కస్ నుంచి గల్ఫ్ షేర్ల వైపు చూసేవాళ్లు తెలుసుకోవాల్సిన విషయాలివే

పాతబస్తీలోని బార్కస్‌కు అరబ్ దేశాలతో బంధం ఇవాళ్టిది కాదు. నిజాం సైన్యంలో పనిచేసేందుకు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల బ్యారక్స్ ఇక్కడే ఉండేవి.. ఆ మాటే వాడుకలో బార్కస్ అయింది. తర్వాతి తరాల్లో ఎంతోమంది సౌదీ, యూఏఈలకు ఉద్యోగాల కోసం వెళ్లారు. అక్కడ జీతం తీసుకునేవాళ్లకు అక్కడి షేర్ మార్కెట్ కూడా చేతికి అందే దూరంలోనే ఉంటుంది. ఇక ఎప్పుడు కొనాలి, ఎప్పుడు అమ్మాలి అంటారా.. ఫోన్‌లో చార్ట్ తెరిస్తే ఇండికేటర్లే చెప్పేస్తాయని చాలామంది నమ్మకం. మరి నిజంగా చెప్తాయా?

ఎక్కువమంది చూసేది ఆర్‌ఎస్‌ఐ. అమెరికాకు చెందిన వెల్స్ వైల్డర్ 1978లో దీన్ని పరిచయం చేశారు. లెక్క పెద్ద కష్టమేం కాదు. 14 ట్రేడింగ్ రోజుల్లో ఒక షేరు పెరిగిన రోజుల్లో వచ్చినది మొత్తం 1 రియాల్, తగ్గిన రోజుల్లో పోయినది మొత్తం 3 రియాల్స్ అనుకుందాం. మొత్తం కదలిక 4లో పెరుగుదల వాటా 1.. అంటే ఆర్‌ఎస్‌ఐ 25. (యాప్‌లు పాత రోజుల ప్రభావాన్ని కూడా కొంత కలుపుతాయి కాబట్టి అంకె కాస్త అటూఇటూ కావొచ్చు.) 30 కంటే తగ్గితే ఓవర్‌సోల్డ్, 70 దాటితే ఓవర్‌బాట్ అంటారు.

చిక్కంతా ఇక్కడే. ఓవర్‌సోల్డ్ అంటే ఇప్పటిదాకా బాగా అమ్మేశారని మాత్రమే అర్థం. ఇక అమ్మరని కాదు.

ఇందుకు సౌదీ మార్కెట్టే పెద్ద ఉదాహరణ. అక్కడి ప్రధాన సూచీ టాసీ 2006 ఫిబ్రవరి 25న 20,634 పాయింట్లను తాకింది. ఆ వెంటనే పతనం మొదలైంది. మార్చిలో, మార్కెట్‌ను నిలబెట్టే చర్యల్లో భాగంగా సౌదీలో ఉంటున్న విదేశీయులు నేరుగా షేర్లు కొనేందుకు ప్రభుత్వం అనుమతిచ్చింది. అంటే గల్ఫ్ ఉద్యోగికి ఆ తలుపు తెరుచుకున్నదే మార్కెట్ జారిపోతున్న టైమ్‌లో! 'ఇంత పడింది కదా, ఇక లేస్తుందిలే' అని ఎవరికైనా అనిపించే సమయమది. కానీ ఆ ఏడాది చివరికి టాసీ 7,933 దగ్గర ఆగింది. గరిష్ఠ స్థాయి నుంచి చూస్తే 60 శాతానికి పైగా పతనం.

ఇలాంటి పతనాల్లో ఆర్‌ఎస్‌ఐ రోజుల తరబడి 30 కిందే ఉండిపోగలదు. మధ్యలో 50 దాకా లేచి మళ్లీ పడొచ్చు. పడిన ప్రతిసారీ చార్ట్ మీద కనిపించేది 'కొను' అనే సిగ్నలే. అందుకే 200 రోజుల సగటు ధర కింద ఉన్న షేరులో ఆర్‌ఎస్‌ఐ మాట వినకపోవడం చాలామంది ట్రేడర్ల అలవాటు. జెరాల్డ్ అపెల్ రూపొందించిన ఎంఏసీడీని కూడా జతచేసి చూస్తారు. అయితే ఇవన్నీ జరిగిపోయిన ధరల నుంచి తీసిన లెక్కలే.. కాస్త ఆలస్యంగానే మేల్కొంటాయి.

గల్ఫ్ మార్కెట్లకు ఇంకో మెలిక ఉంది. సౌదీ ఎక్స్ఛేంజ్ ఆదివారం నుంచి గురువారం వరకు, మన టైమ్ ప్రకారం మధ్యాహ్నం 12.30 నుంచి 5.30 వరకు నడుస్తుంది. శుక్రవారం న్యూయార్క్‌లో చమురు ధర పడితే రియాద్‌లో ఆ దెబ్బ ఆదివారం ఓపెనింగ్‌లోనే కనిపిస్తుంది. గురువారం పెట్టుకున్న స్టాప్‌లాస్‌ను దాటేసి షేరు కిందే తెరుచుకోవచ్చు. దుబాయ్ మార్కెట్ మాత్రం 2022 జనవరి నుంచి సోమ-శుక్రవారాలకు మారింది. పైగా డాలర్‌కు 3.75 రియాల్స్ రేటు 1986 నుంచి కదల్లేదు కాబట్టి, రూపాయల్లో చేతికొచ్చే లాభం డాలర్-రూపాయి రేటును బట్టీ మారుతుంది. రియాల్ చార్ట్‌లో అది కనిపించదు.

ఇక రూల్స్ సంగతి. ఇండియాలో ఉంటున్నవాళ్లు ఆర్‌బీఐ ఎల్‌ఆర్‌ఎస్ కింద ఆర్థిక సంవత్సరానికి 2.5 లక్షల డాలర్ల వరకు విదేశాలకు పంపి షేర్లు కొనొచ్చు. విదేశీ ఎక్స్ఛేంజ్‌లకు మార్జిన్ కట్టేందుకు మాత్రం ఆ డబ్బు పంపడానికి వీల్లేదు. గల్ఫ్‌లో ఉన్నప్పుడు సంపాదించి కొన్న షేర్లను తిరిగొచ్చాక కూడా అక్కడే ఉంచుకునేందుకు ఫెమా చట్టంలోని సెక్షన్ 6(4) అనుమతిస్తుంది. వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో 'పక్కా సిగ్నల్' పేరుతో డబ్బు కట్టించుకుని మోసం చేస్తే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును బ్యాంకులో ఆపించే అవకాశం అంత ఎక్కువ.