ఒక చట్టం, ఒక వ్యాసం, ఒక పునాదిరాయి: నల్లగొండ నీళ్లు

నీళ్ల మీద రాస్తున్న ఈ వరుస చదివి హాస్టల్ పిల్లలు ఇన్‌బాక్స్‌లో ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న ఒకటే. "అన్నా, మా నల్లాలో బోరు నీళ్లు వస్తయి. సబ్బు నురగ రాదు, పప్పు ఉడకదు, బకెట్ చుట్టూ తెల్లగా గట్టిపడుతుంది. ఇవి తాగొచ్చా?"

మిత్రులారా, మీరు చెబుతున్నది కాఠిన్యం. రాళ్ల పొరల్లో నుంచి వచ్చే కాల్షియం, మెగ్నీషియం నీళ్లలో ఎక్కువైతే ఇట్లాగే ఉంటుంది. మన దేశపు తాగునీటి ప్రమాణం (ఐఎస్ 10500) ప్రకారం లీటరుకు 200 మిల్లీగ్రాముల దాకా మంచిది. వేరే దిక్కు లేనప్పుడు 600 దాకా సర్దుకోవచ్చు. చికాకు పెట్టే నీళ్లే, కానీ మనిషిని వంచే నీళ్లు కావు. ఈ నీళ్లకు ఒక మంచి గుణం ఉంది. తమలో ఏముందో దాచుకోవు. సబ్బు చెబుతుంది, బిందె చెబుతుంది, నాలుక చెబుతుంది.

దాచుకునేది ఫ్లోరైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఫరవాలేదు, 1.5 దాటితే తాగకూడదు. ఇంకో మెలిక కూడా ఉంది. నీళ్లలో కాల్షియం బాగా ఉంటే అది ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుక్కు దించుతుంది. కాల్షియం తక్కువై సోడియం, బైకార్బనేట్ ఎక్కువైన నీళ్లలో ఫ్లోరైడ్ యథేచ్ఛగా కరుగుతుంది. అంటే నురగ బాగా వచ్చి, గొంతుకు హాయిగా దిగే బోరు నీళ్లలోనే విషం ఎక్కువ ఉండొచ్చు. మనవాళ్లు తరతరాలుగా "మంచినీళ్లు" అని నాలుకతో పెట్టిన పరీక్ష ఇక్కడ పనిచేయలేదు. నల్లగొండ నేల కింద ఉన్నది గ్రానైటు. నీళ్లు ఆ రాయితో ఎంత ఎక్కువ కాలం కాపురం చేస్తే అంత ఫ్లోరైడ్ తెచ్చుకుంటాయి.

ఇక చరిత్రకు వద్దాం. నన్ను పట్టి ఆపిన సంవత్సరం 1955.

ఆ ఏడు జూన్ 1న అంటరానితనం (నేరాల) చట్టం అమల్లోకి వచ్చింది. బావి దగ్గర, కుంట దగ్గర, నల్లా దగ్గర కులం పేరుతో ఎవరినైనా ఆపితే నేరం. రాజ్యాంగం 15వ అధికరణంలో అప్పటికే రాసిన మాటకు శిక్షను జోడించిన చట్టం ఇది. అదే ఏడాది బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో సిద్దిఖీ అనే వైద్యుడు హైదరాబాద్ రాష్ట్రం నల్లగొండ జిల్లాలోని ఫ్లోరోసిస్ మీద వ్యాసం అచ్చువేశారు. వెన్ను బిగుసుకుపోయిన మనుషులు, కదలని కీళ్లు, వాటికి కారణమైన నీళ్లు అందులో ఉన్నాయి. అదే ఏడాది డిసెంబరు 10న, అదే జిల్లా అంచున, నాగార్జునసాగర్‌కు నెహ్రూ పునాదిరాయి వేశారు.

చట్టం బావిని తెరిచింది. వైద్యుడు బావిలో ఏముందో చెప్పాడు. ఏలికలు పక్కనే నదికి అడ్డుకట్ట మొదలుపెట్టారు. మూడూ కలిస్తే నల్లగొండ కథ అక్కడే ముగియాలి. ముగియలేదు.

కొత్త జబ్బు కనుక అర్థం కావడానికి టైం పట్టిందిలే అనుకోవడానికీ లేదు. మద్రాసు ప్రెసిడెన్సీలో, నాటి నెల్లూరు జిల్లా మెట్ట ఊళ్లలో (ఇవాళ్టి ప్రకాశం వైపు) ఈ జబ్బును షార్ట్ బృందం గుర్తించి రాసింది 1937లోనే.

ముందు బావి సంగతి. చట్టం వచ్చినంత మాత్రాన ఊరి చేదబావి గిలక వాడ చేతికి రాలేదు. దాన్ని అమలు చేయాలంటే పోలీసు ఊళ్లోకి రావాలి, పటేలుకు ఎదురు నిలవాలి. ప్రభుత్వానికి ఇంకో సులువు దారి దొరికింది. 1960ల చివరి కరువు తర్వాత యూనిసెఫ్ సాయంతో గట్టి రాయిని తొలిచే రిగ్గులు దేశంలోకి వచ్చాయి. 1970లలో ఇండియా మార్క్-2 చేతిపంపు వచ్చింది. వాడకో బోరింగు పడింది. మన పెద్దమనుషులు ఎంత సంతోషించి ఉంటారో ఊహించుకోండి. ఊరి బావి ఊరికే మిగిలింది, వాడకు "సొంత" నీళ్లు వచ్చాయి, తగాదా తప్పింది. ఆ బోరింగు వల్ల మన ఆడవాళ్ల నడక తగ్గిందనేది నిజం, దాన్ని తీసిపారేయను. కానీ నా అభిప్రాయం స్పష్టంగా చెబుతున్నా: అంటరానితనానికి ప్రభుత్వం చూపిన ఇంజనీరింగ్ పరిష్కారం బోరింగు. గ్రానైటు జిల్లాలో ఆ పరిష్కారానికి అర్థం, పైపొర వాన నీళ్లు ఊరే బావిని వదిలి లోతు రాతి నీళ్లకు పోవడం.

ఇక ఒళ్లు సంగతి. "ఫ్లోరైడ్‌కు కులం లేదు, రెడ్డి పళ్లకూ గార పట్టింది" అని వాదించేవాళ్లున్నారు. నిజమే, పట్టింది. కానీ ఆ 1.5 అనే అంకె ఎక్కడిదో చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో మనిషి రోజుకు తాగేది సుమారు రెండు లీటర్లు. అంటే మూడు మిల్లీగ్రాములు. మే నెల ఎండలో మట్టి పని చేసే మనిషి ఐదు లీటర్లు తాగితే అవే నీళ్లలో ఏడున్నర మిల్లీగ్రాములు పోతాయి. నీడపట్టున కూర్చునే ఒంటికి రాసిన ప్రమాణం కూలి చేసే ఒంటికి సరిపోదు.

తిండి కూడా అంతే. 1973లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి లాన్సెట్ పత్రికలో నల్లగొండ పడుచువాళ్లలో కనిపించిన కొత్త రూపాన్ని రాశారు. మోకాళ్లు లోపలికి రాసుకుంటూ, పాదాలు దూరమవుతూ, ఎముక గుల్లబారుతూ వస్తున్న వంకర అది. కాల్షియం అందని ఒంట్లో ఫ్లోరైడ్ మరింత చెడ్డది. జొన్న తిండి మీద బతికేవాళ్ల ఒంట్లో అది ఎక్కువగా నిలుస్తుందని కూడా ఆ సంస్థ పరిశోధనల్లో తేలింది. పాలు, పెరుగు ఏ ఇంట్లో ఉన్నాయో, జొన్న గట్క ఏ ఇంట్లో ఉందో మీకు నేను చెప్పాలా? సాగర్ ఊట వల్ల నేల క్షారం పెరిగి, జొన్నలోకి మాలిబ్డినం ఎక్కువ చేరి ఈ వంకరకు తోడైందని కూడా వాళ్లు వాదించారు. అది వాదన, రుజువు అనను. కానీ మన పేజీల్లో ఎవరూ మాట్లాడని వాదన కనుక చెబుతున్నా.

సాగర్ నీళ్లు మాత్రం ఎడమ కాలువలో పల్లానికి పోయాయి. మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వరి పండించాయి. మెట్టన ఉన్న మునుగోడు, మర్రిగూడ, దేవరకొండ డ్యామ్‌ను చూస్తూ బోరు కొట్టుకున్నాయి. వాటి కోసం వచ్చింది పటిక. 1970లలో నాగపూర్‌లోని నీరి సంస్థ నీళ్లలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్‌ను దించే పద్ధతి తయారుచేసి దానికి నల్లగొండ టెక్నిక్ అని పేరుపెట్టింది. ఆఫ్రికా దేశాల పాఠ్యపుస్తకాల్లోకి కూడా ఆ పేరు పోయింది. రోజూ మోతాదు కొలిచి, కలిపి, తేర్చి, వడకట్టి, ఆ బురదను ఎక్కడో పారబోయాలి. పొద్దు పొడవకముందే కూలికి పోయే ఇల్లు ఈ పని ఏ పూట చేయాలో కనిపెట్టినవాళ్లు చెప్పలేదు.

1996 లోక్‌సభ ఎన్నికల్లో జలసాధన సమితి పిలుపుతో నల్లగొండలో జనం నామినేషన్లు వేశారు. బరిలో 480 మంది. బ్యాలెట్ పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా పడింది. ఢిల్లీ ఏం చేసింది? ఇలాంటి నామినేషన్లను ఆపడానికి ఆ ఏడాదే చట్టం మార్చి డిపాజిట్‌ను 500 నుంచి 10,000కు పెంచింది. ఎస్సీ, ఎస్టీలకు 250 నుంచి 5,000. నీళ్లు అడిగితే ధర పెరిగింది. 2004లో కృష్ణ నీళ్లు కదిలాయి, కానీ కోదండాపూర్ నుంచి గొడకొండ్ల మీదుగా, ఇదే జిల్లా గుండా హైదరాబాద్‌కు.

నీళ్ల నాణ్యత అనేది మన ఉద్యమానికి కొత్త విషయం కాదు. 1985 జూలైలో కారంచేడులో, మాదిగలు తాగునీళ్లు ముంచుకునే చెరువును మురికి చేస్తుంటే అడ్డుపడ్డ మున్నంగి సువార్త అడిగింది ఇదే. మర్నాడు ఆరుగురిని చంపారు.

తర్వాత ఉదయసముద్రంలోకి కృష్ణ నీళ్లు ఎక్కాయి, మిషన్ భగీరథ పైపులు వాడల దాకా వచ్చాయి. ఇది పోరాడి తెచ్చుకున్నదే. అయితే పైపు ఇంటి దగ్గర ఆగుతుంది. కూలీ పగలంతా ఉండేది చేను దగ్గర, అక్కడ దాహం తీర్చేది ఆసామి మోటరు బోరు. మన లెక్కలన్నీ నల్లా దగ్గర తీస్తున్నారు.

ఈ సెలవుల్లో ఊరికి పోయే విద్యార్థులు ఒక పని చేయండి. మీ అమ్మానాన్నలు పనికి పోయే చేను బోరు నుంచి ప్లాస్టిక్ సీసాలో లీటరు నీళ్లు పట్టి, తేదీ, సర్వే నంబరు రాసి, జిల్లా తాగునీటి ల్యాబ్‌లో ఇవ్వండి. ప్లాంటు వాళ్ల చేతిలోని టీడీఎస్ మీటరును నమ్మకండి. అది కరిగిన లవణాల మొత్తాన్ని అంచనా వేస్తుంది, ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు. ఫ్లోరైడ్ విడిగా కావాలని కాగితం మీద రాసి అడగండి. వచ్చిన అంకెలు కామెంట్లో పెట్టండి. బోరు యజమాని పేరు వద్దు, ఊరు చాలు.