మూత్రపిండములలో రాళ్లు – నివారణ చరిత్ర

కర్నూలు జిల్లా తుగ్గలి మండలములో, జొన్నగిరి సమీపమున, ఎర్రగుడి బండలపై అశోక చక్రవర్తి శాసనములు కలవు. క్రీస్తు పూర్వము మూడవ శతాబ్దము నాటి ఈ శాసనములలో ఒకటి మనుష్యులకును, పశువులకును వైద్యము నేర్పరచుటను, ఓషధులు నాటించుటను, బాటల వెంట బావులు త్రవ్వించుటను తెలుపుచున్నది. వైద్యమును, త్రాగునీటిని ఒకేచోట పేర్కొనుట గమనింపదగినది. మూత్రపిండములలో రాళ్లు పుట్టకుండ చేయుటకును నీరే మొదటి సాధనము. దీనిని ఋజువు చేయుటకు మాత్రము శాస్త్రమునకు చాల కాలము పట్టినది.

ఈ వ్యాధి ప్రాచీనమైనది. ఈజిప్టులోని ఎల్ అమ్రా వద్ద 1901లో ఒక పురాతన కళేబరమున మూత్రాశయపు రాయి బయల్పడినది. మన సుశ్రుతుడు దీనికి అశ్మరి యని పేరిడి, నాలుగు విధములుగ విభజించి, శస్త్రముతో వెలికి దీయు పద్ధతిని వివరించెను. క్రొత్త కుండలో పోసిన తేటనీటి అడుగున సైతము కొంతకాలమునకు మడ్డి దిగునట్లే అశ్మరి పుట్టునని ఆయన పోలిక.

ఆ మడ్డి యేమిటో రసాయన శాస్త్రము తేల్చినది. స్వీడను దేశమందలి షీలే 1776లో మూత్రాశయపు రాతిని పరీక్షించి యూరిక్ ఆమ్లమును కనుగొనెను. ఇంగ్లండులో వొల్లాస్టన్ 1797లో కాల్షియం ఆగ్జలేటు, ఫాస్ఫేటు రాళ్లను గుర్తించెను. నేడు కనబడు మూత్రపిండపు రాళ్లలో ఎక్కువభాగము కాల్షియం ఆగ్జలేటువే.

రాయి యెట్లు ఏర్పడును? పంచదార పాకము చిక్కబడినకొలది పలుకులు కట్టును గదా! ఎండలో పనిచేయువాని శరీరమునుండి నీరు చెమటగా పోవును. మూత్రము తగ్గి చిక్కబడును. అందలి లవణములు కరగియుండలేక స్ఫటికములగును. అవి పేరుకొని రాయి యగును.

ఇటలీలో 199 మంది రోగులను ఐదేండ్లు పరిశీలించి, 1996లో ఫలితములు ప్రకటించిరి. అధికముగ నీరు త్రాగినవారిలో నూటికి 12 మందికి మాత్రమే రాయి మరల వచ్చినది; తక్కినవారిలో 27 మందికి వచ్చినది.

రాతిలో కాల్షియము కలదు గనుక పాలు, మజ్జిగ మానవలెనని పూర్వము చెప్పెడివారు. ఇది పొరపాటని తేలినది. ఆహారములోని కాల్షియము ప్రేగులలోనే ఆగ్జలేటును పట్టి, రక్తములోనికి పోనీయదు. 2002లో వెలువడిన మరియొక ఇటలీ పరిశోధనలో, కాల్షియము తగ్గించిన 60 మందిలో 23 మందికి రాయి తిరుగబెట్టినది. కాల్షియము తగినంత తీసికొని, ఉప్పును, మాంసమును తగ్గించిన 60 మందిలో 12 మందికే తిరుగబెట్టినది.

కావున యువకులు నేర్వవలసినది స్వల్పము. దినమునకు రెండు, రెండున్నర లీటర్ల మూత్రము వచ్చునంత నీరు త్రాగవలెను. వేసవిలో ఇంకను హెచ్చుగా త్రాగవలెను. మూత్రము ముదురు పసుపుగా నున్నచో నీరు చాలలేదని తెలియవలెను. ఊరగాయలు, అప్పడములు మితముగ తినవలెను. నిమ్మరసములోని సిట్రేటు రాయి కట్టుటను అడ్డును. గుండెజబ్బు, మూత్రపిండ వ్యాధి కలవారు మాత్రము నీటి పరిమాణమును వైద్యుని అడిగి తెలిసికొనవలెను. నడుము ప్రక్క తీవ్రమైన నొప్పితోపాటు జ్వరము వచ్చినచో ఆలస్యము చేయరాదు.

తొలకరి వానలు పడగనే తుగ్గలి, జొన్నగిరి చేలలో జనులు వజ్రములకై దినమెల్ల వెదకుదురు. ఆ రాయి దొరకుట అదృష్టము. ఈ రాయి రాకుండ చేసికొనుట మాత్రము చాలవరకు చేతిలోని నీటిచెంబుపై ఆధారపడియున్నది.