ఇంజను హెడ్డు బోల్టులు: పాతవా, కొత్తవా?



ఇంజను హెడ్డు విప్పి గాస్కెట్టు మార్చినప్పుడల్లా మన వైపు ఒక తగవు వస్తూ ఉంటుంది. "బోల్టులు అవే వేద్దామండీ, ఇనుమేగా, అరిగేదా కరిగేదా" అంటాడు మేస్త్రి. "కొత్తవి వేయమని పుస్తకంలో ఉంది" అంటాడు చదువుకున్న కొడుకు. ఎవరి మాట సరైనదో చెప్పాలంటే ఆ ఇంజను ఏ కాలపుదో చూడాలి. అందుకని ఇవాళ కాస్త వెనక్కి వెళ్లి, కథ మొదటినుంచి చెప్పుకుందాము.

రుడాల్ఫ్ డీజిల్ అనే ఇంజనీరు 1897లో జర్మనీలోని ఔగ్స్‌బర్గు నగరంలో తన ఇంజనును జయప్రదంగా నడిపి చూపించాడు. గాలిని బాగా నొక్కితే వేడి పుడుతుంది, ఆ వేడికే నూనె అంటుకుంటుంది, నిప్పురవ్వ అక్కరలేదు. అయితే గాలిని అంతగా నొక్కాలంటే సిలిండరు పైమూత కదలకూడదు. ఆ పైమూతే మనము హెడ్డు అంటున్నది. దాన్ని పట్టి ఉంచేవి ఈ బోల్టులే.

మన దేశంలో కిర్లోస్కరు వారు 1926లో డీజిల్ ఇంజను తయారు చేశారు. 1946లో పూనాలో ఆయిలింజన్ల కోసమే వేరే కంపెనీ పెట్టారు. ఇంగ్లండులో డర్స్‌లీ అనే ఊళ్లో తయారైన లిస్టరు ఇంజను ఇంకొకటి. పెద్ద చక్రంతో, నిమిషానికి 600, 650 చుట్లతో నెమ్మదిగా కొట్టుకునే ఆ ఇంజను మాదిరినే రాజకోటలోని కార్ఖానాలవారు పోతపోసి దేశమంతా అమ్మారు. దాని చప్పుడు విన్న పెద్దలు ఇంకా ఉన్నారు.

మన ప్రాంతం సంగతి కొంచెం వేరు. ఖమ్మం జిల్లా 1953లో వరంగల్లు నుంచి విడిపోయి ఏర్పడింది. భద్రాచలం, నూగూరు తాలూకాలు తూర్పు గోదావరి నుంచి 1959లో వచ్చి కలిశాయి. మైదానంలో బావుల మీద ఇంజన్లు పోయి కరెంటు మోటార్లు వచ్చాయి. 2004లో ఉచిత కరెంటు వచ్చాక ఇంజను మాటే తగ్గింది. కాని అడవి అంచున, వాగు ఒడ్డున, లంకలో స్తంభాలు లేని చోట మిర్చికి నీళ్లు పెట్టేది ఆయిలింజనే. గిరిజన రైతులకు సబ్సిడీ మీద ఆయిలింజన్లు ఇచ్చిన పథకాలూ ఉన్నాయి. అందుచేత ఒకే ఊళ్లో తాతనాటి ఇంజనూ, నిరుడు కొన్న ట్రాక్టరూ పక్కపక్కన కనిపిస్తాయి. తగవుకు మూలం అదే. పాత ఇంజను మీద నేర్చిన చెయ్యి కొత్త ఇంజను మీద పడుతున్నది.

బోల్టు మీద బరువెంతో ఒక లెక్క వేద్దాము. ఐదు గుర్రాల ఏ.వి.వన్ ఇంజను సిలిండరు వ్యాసం 80 మిల్లీమీటర్లు. అంటే లోపలి వైశాల్యం సుమారు 50 చదరపు సెంటీమీటర్లు. నూనె మండినప్పుడు చదరపు సెంటీమీటరుకు సుమారు 60 కిలోల ఒత్తిడి పుడుతుందనుకోండి. మొత్తం 3,000 కిలోలు, అనగా 30 క్వింటాళ్లు హెడ్డును పైకి నెడుతున్నవి. నిమిషానికి 1,500 చుట్లు తిరిగే ఆ ఇంజనులో మంట 750 సార్లు లేస్తుంది. గంటకు 45,000 సార్లు! మిర్చి పూత మీద ఉన్నప్పుడు రోజుకు ఆరేడు గంటలు నడిపితే ఎన్ని దెబ్బలో మీరే లెక్కేసుకోండి.

ఇంత దెబ్బకు బోల్టు ఎలా ఆగుతుంది? స్ప్రింగు మాదిరిగా. ఎంత లాగితే అంత సాగుతుందనే సూత్రాన్ని రాబర్టు హుక్ అనే శాస్త్రజ్ఞుడు 1678లోనే ప్రకటించాడు. పానాతో బిగించినప్పుడు బోల్టు వెంట్రుకవాసి సాగుతుంది. మళ్లీ ముడుచుకోవాలని చూస్తూ హెడ్డును కిందికి లాగి పడుతుంది. విప్పితే పాత పొడవుకు వస్తుంది. కాని దానికీ ఒక హద్దుంది. ఆ హద్దు దాటి లాగితే ఇక వెనక్కి రాదు. సాగిన రబ్బరు ముక్క మాదిరి పొడుగ్గానే ఉండిపోతుంది, నడుము సన్నబడుతుంది.

లిస్టరు రకం ఇంజన్లు చేసినవారు లావుపాటి స్టడ్లు వేసి, హద్దుకు చాలా ఇవతలే బిగించమన్నారు. స్టడ్డు ఇంజనులోనే ఉంటుంది, నట్టు మాత్రమే తిరుగుతుంది. పోత ఇనుములోని మరలు అరగవు. కనుక మేస్త్రి మాట ఆ ఇంజను విషయంలో సబబే. మరలు బాగుంటే, తుప్పు తినకుంటే ఆ స్టడ్లు పదిసార్లు విప్పి బిగించినా పనిచేస్తాయి. అన్నీ పారేసి కొత్తవి కొనడం దండగ అని నా అభిప్రాయం. అనుమానముంటే నట్టును చేతితో పైనుంచి కిందిదాకా తిప్పి చూడండి. మధ్యలో పట్టేసిందా, అక్కడ స్టడ్డు సాగిందన్నమాట. కొత్త బోల్టు మరలను పాతదాని మరల మీద పెట్టి వెలుగుకు ఎత్తి చూసినా తెలుస్తుంది. పళ్లు సరిగ్గా కూర్చోవు, సందు కనపడుతుంది.

తరువాత కాలం మారింది. ఇంజను బరువు తగ్గాలి, శక్తి పెరగాలి, పొగ తగ్గాలి అన్నారు. పానాతో తిప్పే బలంలో సుమారు పదోవంతు మాత్రమే బోల్టును లాగుతుంది. మిగిలినదంతా రాపిడికే పోతుంది. మరలకు నూనె రాశామా లేదా అన్నదాన్ని బట్టి ఒక బోల్టు వదులు, ఒకటి బిగువు అవుతుంది. అందుకని 1970ల తరువాత కొత్త పద్ధతి వాడుకలోకి వచ్చింది. మొదట టార్కు రెంచితో కొంత బిగించి, ఆపైన ఇన్ని డిగ్రీలు తిప్పమంటారు. 90 డిగ్రీలంటే పావు చుట్టు. ఆ పావు చుట్టులో కొన్ని బోల్టులు కావాలనే హద్దు దాటి సాగుతాయి. అప్పుడు అన్నిటి బిగువూ దాదాపు సమానంగా వస్తుంది. మంచి యుక్తే, కాని అటువంటి బోల్టు ఒకసారికే. రెండోసారి బిగిస్తే ఇంకా సాగుతుంది, తెగినా తెగుతుంది. కోణం లెక్కన బిగించేవన్నీ ఈ రకం కావు సుమండీ. కొన్ని కంపెనీలు పొడవు కొలిచి, హద్దులో ఉంటే మళ్లీ వాడమంటాయి. ఆ సంగతి ఇంజను పుస్తకంలో ఉంటుంది, ఊహతో తేలేది కాదు. ఇక్కడ కొడుకు మాటే వినాలి.

ఒక మిర్చి రైతు సంగతి చెబుతాను. ట్రాక్టరు హెడ్డు దింపినప్పుడు ఒక బోల్టు తెగింది. పక్క అంగట్లో అదే లావు, అదే పొడవు బోల్టు దొరికితే వేశారు. పది రోజులకే గాస్కెట్టు ఊది, నీళ్లు నూనెలో కలిసి, బేరింగులు పోయాయి. తోటకు రెండు తడులు తప్పాయి. బోల్టు తల మీద 8.8, 10.9 అని అంకెలుంటాయి చూడండి. 8.8 అంటే చదరపు మిల్లీమీటరుకు సుమారు 80 కిలోల లాగుడు వరకు తెగదు. అందులో పదింట ఎనిమిది వంతుల దగ్గరే సాగడం మొదలవుతుంది. 10.9 అంతకంటె గట్టిది. తల మీద 4.6 అని ఉన్నదీ, ఏ అంకే లేనిదీ గేటుకు పనికొస్తుంది గాని హెడ్డుకు పనికిరాదు.

వరద మాట కూడా చెప్పాలి. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద గోదావరి 75.6 అడుగులు ఎక్కింది. 2022 జులైలో 71 అడుగులు దాటింది. మునిగిన ఇంజను విప్పినప్పుడు బోల్టు గుంతల్లో బురదా, నీళ్లూ నిలిచి ఉంటాయి. పైనుంచి బోల్టు దింపితే ఆ నీటికి పోయే దారి లేక పోత ఇనుము చీలుతుంది. టార్కు రెంచి సరిగ్గా చూపినా బోల్టు బిగియదు. గుంత అడుగు దాకా శుభ్రం చేసి, గాలి కొట్టి ఆరబెట్టాలి. తుప్పు గుంటలు పడిన స్టడ్డు ఎంత లావుదైనా మార్చవలసిందే. తుప్పు గుంట దగ్గరే పగులు మొదలవుతుంది.

విప్పేటప్పుడు ఇంజను చల్లారి ఉండాలి. అంచుల నుంచి నడుముకు కొద్దికొద్దిగా వదులు చేయాలి. బిగించేటప్పుడు నడుము నుంచి అంచులకు, మూడు విడతలుగా. పాతకాలపు రాగి గాస్కెట్టు ఇంజను కొన్ని గంటలు నడిచాక అణుగుతుంది కాబట్టి దానికి మరోసారి బిగింపు కావాలి. కొత్త రకాలకు పుస్తకం చెప్పనిదే మళ్లీ పానా పెట్టకండి. పాత గాస్కెట్టును పొడిగా గీకవద్దు. దాని రాగి రేకుల మధ్య రాతినార ఉండవచ్చు, ఆ దుమ్ము ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. నీళ్లతో తడిపి తీసి, సంచిలో కట్టి పిల్లలకు అందకుండా పారవేయండి.