రెండవ చెవి: ఒంటరి ప్రసంగకుని పూర్వచరిత్ర

రేడియో ముందు కూర్చుండి ప్రసంగము వినునప్పుడు మనకు వినవచ్చునది ఒక్క గొంతు. ఆ గొంతు వెనుక ఎందరు పాటుపడిరో మనము తలపోయము. ప్రసంగమును వ్రాసినవారొకరు, దానిని చదివి దిద్దినవారొకరు, గాజు కిటికీ కావల కూర్చుండి శబ్దపు హెచ్చుతగ్గులను సరిచూచిన ఇంజనీరొకరు, ముద్రించినదానిని కత్తిరించి అతికినవారొకరు, వేళకు ప్రకటించినవారు మరియొకరు. నేడు పాడ్‌కాస్టు అను పేరుతో ఈ పనులన్నింటిని ఒక్క మనిషి తన ఇంటిలో, ఒక్క బల్ల యెదుట కూర్చుండి చేయుచున్నాడు. సెల్‌ఫోనులోనో, కంప్యూటరులోనో ముద్రించి అతడు అంతర్జాలములో ఉంచిన ప్రసంగమును, శ్రోత తన కనుకూలమైన వేళకు తెప్పించుకొని వినును. ఇది నిన్న మొన్నటి వింతవలె తోచును గాని, దీని వెనుక దాదాపు నూట యేబది యేండ్ల కథ కలదు. ఆ కథ తెలిసినచో మంచి పాడ్‌కాస్టును ఎట్లు చేయవలెనో సగము తెలిసినట్లే యని మా నమ్మకము.

1877వ సంవత్సరమున అమెరికాలో థామస్ ఎడిసన్ తగరపు రేకుమీద మాటను గీయించి, మరల ఆ రేకుచేతనే పలికించెను. ఆ ఫోనోగ్రాఫునకు విద్యుత్తుతో పనిలేదు. ఒకవైపు చేతితో పిడి త్రిప్పుచు, వేరొకవైపు యంత్రమునకు నోరు చేర్చి గట్టిగా పలుకవలసియుండెను. నోరు దూరమైనచో గీత నిలువదు. ధ్వనిముద్రణకు దూరమే మొదటి శత్రువను పాఠమును ఆ తగరపు రేకే నేర్పినది.

రెండవ శత్రువు గది. 1895లో హార్వర్డు విశ్వవిద్యాలయమువారు ఫాగ్ కళాప్రదర్శనశాలలో ఒక ఉపన్యాస మందిరమును కట్టించి చిక్కులో పడిరి. అందు ఒక మాట ఆరిపోకమునుపే తరువాతి మాటలు వచ్చి దానితో కలగాపులగమై, వినువారికి ఏమియు బోధపడకుండెను. దీనిని చక్కదిద్దుమని వాలెస్ సాబిన్ అను యువ అధ్యాపకుని కోరిరి. ఆయన ఊరు సద్దుమణిగిన రాత్రివేళ ఒక ఆర్గన్ గొట్టమును మ్రోగించి, ఆ మ్రోత ఎంతసేపటికి ఆరునో గడియారముతో కొలిచెను. ఖాళీ మందిరములో అది సుమారు ఐదున్నర సెకన్లు నిలిచెను. పిమ్మట సమీపముననున్న సాండర్సు నాటకశాలనుండి కుర్చీల మెత్తలను మోయించి తెచ్చి, వానిని కొన్ని కొన్నిగా పరచుచు కొలిచెను. మెత్తలు పెరిగినకొలది మ్రోత తగ్గుచు వచ్చెను. శబ్దమును గోడలు త్రిప్పికొట్టునని, మెత్తనివి మ్రింగివేయునని, ఈ రెంటి లెక్కను సూత్రములో ఇమిడ్చవచ్చునని దానివలన తేలినది. 1900లో తెరచిన బోస్టన్ నగర సింఫనీ హాలు ఆయన సూత్రమును అనుసరించి కట్టినదే.

ఈ కథ మన ఇండ్లకు దూరమైనది కాదు. సున్నపు గోడలు, నాపరాతి నేల, ఖాళీ పెట్టెవంటి ముందుగది చూచుటకు అందముగా నుండవచ్చును. అందు ముద్రించిన మాట మాత్రము నూతిలోనుండి వచ్చినట్లుండును. పరుపులు, బొంతలు, బట్టల బీరువా, పుస్తకముల అరలు గల చిన్న పడకగది దానికంటె వేయిరెట్లు మేలు. సాబిన్ మెత్తలు చేసిన పనినే మన బొంతలును చేయును. దీనికి ఖర్చు లేదు.

ఇక మైక్రోఫోను సంగతి. 1916లో బెల్ సంస్థ శాస్త్రజ్ఞుడు ఇ. సి. వెంటె కండెన్సరు మైక్రోఫోనును నిర్మించెను. సూక్ష్మమైన శబ్దమునుగూడ అది పట్టెను. 1939లో షూర్ సంస్థలో బెంజమిన్ బవర్ ఎదుటి శబ్దమును గ్రహించి, వెనుకటి శబ్దమును చాలవరకు విడిచిపెట్టు మైక్రోఫోనును రూపొందించెను. నేటి ప్రసంగకులు వాడు పరికరములు పెక్కు ఈ రెండు వంశములకు చెందినవే. కాని ఎంత వెలపెట్టి కొన్నను ప్రకృతి నియమము మారదు. నోటికిని మైక్రోఫోనుకును దూరము రెట్టింపైనచో, దానిని నేరుగా చేరు శబ్దశక్తి నాలుగవ వంతుకు దిగును. గది మారుమ్రోత మాత్రము అంతగా తగ్గదు. కావున వెలగల పరికరమును దూరముగా ఉంచుటకంటె, సామాన్యమైనదానిని బెత్తెడుకు తక్కువ కాకుండ, జానెడుకు మించకుండ దగ్గర నుంచుట మేలు. దానికి నేరుగా ఊదినట్లు పలుకక కొంచెము ప్రక్కగా పలుకవలెను. లేనిచో మన ప, ఫ, బ, భ అను అక్షరములు గాలిదెబ్బలై వినబడును.

యంత్రములు ఇట్లు కుదురుచుండగా, వానిముందు ఎట్లు మాటాడవలెనను ప్రశ్న మిగిలినది. దీనికి జవాబు చెప్పినవారిలో అగ్రగణ్యురాలు హిల్డా మాథెసన్. ఆమె 1927లో బి. బి. సి. ప్రసంగ విభాగమునకు మొదటి డైరెక్టరైనది. అంతవరకు సభలలో గొంతెత్తి ఉపన్యసించువారు మైక్రోఫోను ముందును అట్లే గర్జించుచుండిరి. వినువాడు సభలో లేడని, తన ఇంట పడకకుర్చీలో ఒంటరిగానో, ఆలుబిడ్డలతోనో కూర్చున్నాడని, అతనితో స్నేహితునివలె మాటాడవలెనని ఆమె గ్రహించినది. అయితే తోచినది తోచినట్లు చెప్పుటకును ఆమె ఒప్పుకొనలేదు. ప్రసంగమును ముందుగా వ్రాయవలెను. అది వ్రాసినట్లు గాక మాటాడినట్లుండవలెను. ప్రసారమునకు పూర్వము పైకి చదివి సాధన చేయవలెను. సహజముగా తోచుటకే ఎక్కువ శ్రమ కావలెనను ఈ రహస్యము నేటికిని పాతపడలేదు.

ఈ రహస్యము మన దేశమునకు రాకపోలేదు. ఆమె విభాగములో పనిచేసిన లయొనెల్ ఫీల్డెన్ 1935లో భారతదేశమునకు వచ్చి రేడియోకు కంట్రోలరైనాడు. 1936లో దానికి ఆల్ ఇండియా రేడియో అను పేరు వచ్చినది. దక్షిణదేశములో అంతకుముందే, 1924 జూలై 31న, సి. వి. కృష్ణస్వామి చెట్టి మొదలగు ఔత్సాహికులు మదరాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ద్వారా ప్రసారము చేసియుండిరి. ధనము చాలక 1927లో అది ఆగిపోయినది. 1930నుండి మదరాసు నగరపాలక సంస్థ ప్రసారములను నడపినది. 1938లో ఆల్ ఇండియా రేడియో మదరాసు కేంద్రము వెలసినది. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము మొదలైనది. మన ప్రాంతమున ప్రసారమునకు పునాది వేసినవారు వేతనము లేని ఔత్సాహికులన్న సంగతిని నేటి ఒంటరి ప్రసంగకులు గుర్తుంచుకొనదగును.

తప్పును తుడిచివేయు సౌకర్యమును తెచ్చినది అయస్కాంతపు టేపు. 1935లో బెర్లిన్ రేడియో ప్రదర్శనలో మాగ్నెటోఫోన్ అను యంత్రమును చూపిరి. యుద్ధానంతరము జాక్ ముల్లిన్ అను అమెరికా సైనికోద్యోగి అట్టి యంత్రములు రెండింటిని, కొన్ని టేపు చుట్టలను తన దేశమునకు పంపుకొని, 1946లో శాన్ ఫ్రాన్సిస్కోలో ప్రదర్శించెను. ప్రతివారము సమయమునకు నిలిచి పాడుటతో విసిగిన గాయకుడు బింగ్ క్రాస్బీ, 1947నుండి తన కార్యక్రమమును టేపుమీద ముద్రించి ప్రసారము చేయించెను. తడబడినచోట టేపును కోసి అతికినచో వినువారికి అతుకు తెలియకుండెను. 1963లో ఫిలిప్స్ సంస్థవారి క్యాసెట్టు ఈ శక్తిని ఇంటింటికి చేర్చినది. 1999లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున డామినిక్ మజోని, రోజర్ డానెన్‌బర్గ్ ప్రారంభించిన ఆడాసిటీ అను ఉచిత సాధనముతో కత్తెరయు, జిగురును కూడ కంప్యూటరు తెరమీదికే వచ్చినవి.

ఇక మిగిలినది శ్రోతను చేరు త్రోవ. ధ్వనిని చిన్న మూటగా కుదించు ఎం. పి. 3 పద్ధతి 1990ల తొలినాళ్లలో స్థిరపడినది. 2001 నాటికి డేవ్ వైనర్ అంతర్జాలపు సమాచారపు వరుసకు ధ్వనిమూటను జతపరచు ఉపాయమును చూపెను. 2004 ఫిబ్రవరిలో గార్డియన్ పత్రికలో బెన్ హామర్స్‌లీ పాడ్‌కాస్టింగు అను మాటను వాడెను. అదే యేట ఆడమ్ కర్రీ తన కార్యక్రమముతో దానికి ప్రచారము తెచ్చెను. 2005 జూనులో ఆపిల్ సంస్థ తన ఐట్యూన్సులో పాడ్‌కాస్టులకు చోటిచ్చినది. దానితో ప్రసార కేంద్రము లేకయే ఎవరైనను ప్రసంగింపవచ్చునను మాట నిజమైనది.

ఈ పయనములో ఒంటరి మనిషి యంత్రములన్నింటిని గెలుచుకొన్నాడు. కాని ఒక్కటి పోగొట్టుకొన్నాడు. అది రెండవ చెవి. గాజు కిటికీ కావలనుండి చేయి యెత్తి “కాగితము చప్పుడగుచున్నది, మరల చదువుడు” అని చెప్పు మనిషి అతనికి లేడు. “ఈ వాక్యము అర్థము కాలేదు” అని దిద్దువాడును లేడు. తన మాట తనకు తెలిసినదే గనుక తనకు ఎల్లప్పుడును స్పష్టముగానే వినబడును. పెక్కు ఇంటి ప్రసంగములు చెడుటకు కారణము పరికరముల లేమి కాదు, ఈ చెవి లేమియే.

పోయిన ఆ చెవిని తిరిగి సంపాదించుకొనుటయే మంచి పాడ్‌కాస్టుకు కీలకము. దానికి ఉపాయము, పనులన్నియు ఒక్కడే చేసినను, ఒక్కసారిగా చేయకుండుట. వ్రాయునాడు రచయితగా వ్రాయవలెను. పైకి చదివి, ఊపిరి చాలని వాక్యమును విరువవలెను. కంటికి ఇంపైన దీర్ఘసమాసము చెవికి భారమని అప్పుడే తెలియును. ముద్రించుటకు ముందు ఇంజనీరుగా మారి, ఫ్యాను నాపి, కిటికీ మూసి, హెడ్‌ఫోను పెట్టుకొని గదిని వినవలెను; అరనిమిషము గది నిశ్శబ్దమునుగూడ ముద్రించి ఉంచుకొనినచో కోతలచోట అతుకుటకు పనికివచ్చును. మరునాడు కత్తిరింపరిగా కూర్చుండి, కాగితము చూడకుండ, పరాయివానివలె వినవలెను. మనసు ఎక్కడ ప్రక్కకు పోయెనో అక్కడనే కోయవలెను. కడపట ఇంటిలోని ఒకరికి వినిపించి, వారు “ఏమన్నారు?” అని అడిగిన ప్రతిచోటును గురుతు పెట్టుకొనవలెను.

ఇంత శ్రమ దేనికని అడుగవచ్చును. 1913 మొదలు 1929 వరకు భారతదేశ భాషాపరిశీలనకై గ్రామఫోను పలకలమీద మన దేశభాషలను ముద్రించిరి. వానిలో తెలుగును కలదు. నూరేండ్లనాటి పలుకుబడిని నేడు మనము వినగలుగుట ఆ పలకల చలువయే. ఆనాడు గీతలో పడని అక్షరమును ఈనాడు ఎవరును పూరింపలేరు. మన ఇండ్లలో వ్యవసాయపు మాటలు, వంటింటి మాటలు, తమ ఊరి యాసతో చెప్పగల పెద్దలు ఇంకను ఉన్నారు. వారిని ముద్రించుటకు కావలసిన సాధనము జేబులోనే ఉన్నది. ఫ్యాను హోరులో, గది మ్రోతలో ముద్రించిన అవ్వ మాటను మనుమడు ముప్పది యేండ్లకు విన్నప్పుడు, వినబడనిచోట మరల చెప్పుమని అడుగుటకు ఆమె ఉండదు. గదిలో ఒక బొంత పరచుట, మైక్రోఫోనును జానెడు దూరమునకు జరుపుట, మరునాడొకసారి వినిచూచుట అప్పటి ఆ చెవికి మనము ఇప్పుడే చేయగల సేవ.