రూట్ మ్యాప్‌లో లేని భాగ్యనగరం (మన వీధుల చరిత్ర – 14)



సైకిల్‌కి కూడా కులం ఉంది. ఇనుముకి, రబ్బరుకి కులమేంటి అనుకుంటే మీ ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. మా నాయన తరంలో వాడ నుంచి సైకిల్ మీద బయల్దేరినోడు ఊరు మొదలవ్వగానే దిగాలి. దొర గడీ దాటేదాకా చెప్పులు చేతిలో పట్టుకుని, సైకిల్‌ని నడిపించుకుంటూ పోవాలి. సైకిల్ సొంతానిదే, తొక్కే హక్కు మాత్రం ఊరు ఇవ్వాలి. ఎత్తుగా కూర్చున్న మాదిగోడు, మాలోడు అరుగు మీది పెద్దమనిషి కంటికి సమానంగా కనపడతాడు. అసలు గొడవ అక్కడే.

ఈ సంగతి మాన్యవర్ కాన్షీరామ్‌కి బాగా తెలుసు. 1981లో డీఎస్4 పెట్టాడు. 1983లో సైకిల్ యాత్ర మొదలుపెట్టాడు. జేబులో కార్లకి డబ్బు లేదు, పేపర్లు రాయవు, రేడియో చెప్పదు. అందుకని ఊరూరికీ రెండు చక్రాల మీద పోయారు. 1984 ఏప్రిల్ 14న బహుజన్ సమాజ్ పార్టీ పుట్టే నాటికి ఉత్తర భారతంలో ఎన్నో దళితవాడలకి ఆ సైకిళ్ల చప్పుడు తెలుసు. ఏ సైకిల్ దిగమన్నారో ఆ సైకిలే మన పార్టీ ఆఫీసు అయింది.

ఇప్పుడు నగరంలో సైకిల్‌కి ఇంకో బతుకు వచ్చింది. గేరు సైకిల్, హెల్మెట్, నీళ్ల సీసా, ముందు ఒక గైడ్, వెనక పదిమంది. పొద్దున ఆరింటికి మొదలుపెట్టి పదకొండుకల్లా హైదరాబాద్ చరిత్ర చూపిస్తామంటారు. నేనూ ఫీజు కట్టి ఒక ఆదివారం పోయాను. నగరం తన కథని కొత్తవాళ్లకి ఏ వరసలో చెప్పుకుంటుందో చూద్దామని. ఎక్కడ ఆగుతారు, ఎక్కడ ఆగరు అన్నది చూస్తే చాలు, ఆ చరిత్ర ఎవరిదో తెలిసిపోతుంది.

మొదలు హుస్సేన్‌సాగర్ దగ్గర. 1560ల్లో కుతుబ్‌షాహీల కాలంలో తవ్వించిన చెరువు. ఒడ్డున 125 అడుగుల బాబాసాహెబ్. 2023 ఏప్రిల్ 14న ఆవిష్కరించారు. గైడ్ కుర్రాడు ఎత్తు చెప్పాడు, కింది పీఠం ఎత్తు చెప్పాడు, అందరం ఫొటోలు దిగాం. అంతే. ఆ మనిషి ఈ నగరానికి ఎందుకొచ్చాడు, ఇక్కడ ఎవరితో మాట్లాడాడు అన్నది లేదు. 1953 జనవరిలో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆయనకి గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. ఉస్మానియాలో చదివే పిల్లల్లోనే ఎంతమందికి ఈ మాట తెలుసు? విగ్రహం ఎత్తు మాత్రం అందరికీ తెలుసు.

ట్యాంక్‌బండ్ మీద 1986లో ఎన్టీ రామారావు ప్రభుత్వం తెలుగు ప్రముఖుల విగ్రహాలు పెట్టించింది. వాటిలో జాషువా ఉన్నాడు, సంతోషం. కానీ ఇదే నగరంలో పుట్టి, ఇదే నగరంలో బడులు పెట్టి, ఇదే నగరంలో పోయిన భాగ్యరెడ్డి వర్మకి అప్పటి వరసలో చోటు లేదు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

అక్కడి నుంచి ఆబిడ్స్ మీదుగా కోఠి. టూర్‌లో అందరికీ నచ్చే చోటు ఇది. బ్రిటిష్ రెసిడెన్సీ. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో జేమ్స్ కిర్క్‌పాట్రిక్ కట్టించాడు. ఆయనకీ ఖైరున్నీసాకీ నడిచిన ప్రేమకథ గైడ్ చాలా బాగా చెప్పాడు. తర్వాత అదే ప్రాంగణం మహిళా కళాశాల అయింది, ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరు మీద విశ్వవిద్యాలయం. ఆ పేరు ఎందుకు పెట్టారో మాత్రం ఒక్క ముక్కలో తేల్చేశాడు.

చరిత్ర విద్యార్థులు ఇక్కడ కాసేపు ఆగాలి. కోఠి, సుల్తాన్‌బజార్ చుట్టుపక్కల ప్రాంతాన్ని రెసిడెన్సీ బజార్లు అనేవాళ్లు. నిజాం రాజ్యం నడిబొడ్డున ఉన్నా 1933 దాకా అక్కడి పాలన బ్రిటిష్ రెసిడెంటుది. నిజాం ఇలాకాలో సభ పెట్టాలంటే అనుమతుల బెడద. ఇక్కడ కొంత ఊపిరి ఆడేది. 1892లో ఆర్యసమాజం, 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఈ చుట్టుపక్కలే పుట్టాయి. 1921లో కోఠిలో జరిగిన సంఘ సంస్కరణ సభలో అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే జనం గోల చేశారు. ఆ అవమానం నుంచే ఆంధ్రజనసంఘం పుట్టిందని పోటీ పరీక్షలు రాసే ప్రతి పిల్లాడూ బట్టీ పడతాడు. మంచిదే. ఒక భాషకి జరిగిన అవమానం చరిత్ర అయింది. మరి అదే వీధుల్లో, అంతకు పదిహేనేళ్ల ముందే, మనిషికి జరిగిన అవమానం మీద మొదలైన ఉద్యమం ఏమైంది?

ఆ జవాబు కోఠి నుంచి కూతవేటు దూరంలో ఉంది. చాదర్‌ఘాట్, ఇసామియా బజార్. మా సైకిళ్లు అటువైపే పోయాయి. ఆగలేదు. ఎండ ఎక్కకముందే చార్మినార్ చేరాలని గైడ్ బెల్లు కొట్టుకుంటూ ముందుకి పోయాడు.

ఆగి ఉంటే ఏం చెప్పాల్సింది? నేను చెప్తాను.

1888 మే 22న మాదరి భాగయ్య అనే పిల్లాడు ఒక మాల ఇంట్లో పుట్టాడు. ఇంటి గురువు భాగ్యరెడ్డి అని పేరు మార్చాడు. ఈ నేలని ఏలినవాళ్లు మన పెద్దలే, ఆ ఏలిక మాటే రెడ్డి అని ఆయన వివరణ. తర్వాత ఆర్యసమాజం వాళ్లు వర్మ అన్న బిరుదు ఇచ్చారు. కుర్రతనంలో సికింద్రాబాద్‌లో డోస్ శాంటోస్ అనే క్రైస్తవ బారిస్టర్ ఇంట్లో పనికి కుదిరి, అక్కడ పుస్తకాలూ లోకమూ చూశాడు. గమనించండి, మన మొదటి తరం నాయకులు చాలామంది ఇలాంటి చోట్ల నుంచే వచ్చారు. కంటోన్మెంట్, రైల్వే వర్క్‌షాపు, దొరల బంగళాలు. భూమి లేనోడికి ఊళ్లో దొర తప్ప దిక్కు లేదు. నగరంలో నెల జీతం దొరికింది. నెల జీతం దొరికినోడు సంఘం పెట్టగలిగాడు.

1906లో పద్దెనిమిదేళ్ల వయసులో ఆయన జగన్మిత్ర మండలి పెట్టాడు. చదువు రాని వాడల్లో హరికథలతో మాట చేరేసేవాళ్లు. 1911లో అది మాన్యసంఘం అయింది. 1910లో ఇసామియా బజార్‌లో బడి మొదలుపెట్టాడు. అవి పెరిగి పెరిగి 26 బడులయ్యాయి, 2500 మంది పిల్లలు. ఒక్కసారి ఊహించండి. సర్కారు బడి గడప తొక్కనివ్వని కాలంలో, చందాలు పోగుచేసి, తెలుగులో చదువు చెప్పే 26 బడులు. జోగిని ఆచారం మీద, బాల్యవివాహాల మీద, తాగుడు మీద, జంతుబలుల మీద పోరాడాడు. వాడల తగాదాలు వాడల్లోనే తీర్చుకోడానికి పంచాయితీలు పెట్టాడు.

1917 నవంబర్‌లో బెజవాడలో పంచమ మహాజన సభ పెడితే ఈయన్నే అధ్యక్షుడిగా పిలిచారు. కుర్చీలో కూర్చోగానే సభ పేరునే ప్రశ్నించాడు. పంచములమని మనకి పేరు పెట్టడానికి మీరెవరు? ఈ నేల మొదటి మనుషులం మేమే అన్నాడు. ఆ సభ ఆది ఆంధ్ర సభ అయింది. హైదరాబాద్‌లో అదే ఆలోచన ఆది హిందూ ఉద్యమం అయింది. చివరికి 1931 జనాభా లెక్కల్లో నిజాం రాజ్యం మనవాళ్లని ఆది హిందువులుగా రాయాల్సొచ్చింది. బెజవాడ సభ నుంచి లెక్కల పుస్తకంలో అక్షరం మారడానికి పద్నాలుగేళ్లు పట్టింది. అదే 1931లో ‘భాగ్యనగర్’ పేరుతో పత్రిక కూడా తెచ్చాడు. 1939 ఫిబ్రవరి 18న పోయాడు.

ఈ ఉద్యమం అందరినీ ఒకేలా కలుపుకుపోయిందని నేను చెప్పను. నాయకత్వం ఎక్కువగా మాలలది. మాదిగల వైపు నుంచి అరుంధతీయ పేరుతో వేరే సంఘాలు వచ్చాయి. ఆ ప్రశ్న ఇవాళ్టి వర్గీకరణ దాకా నడిచింది. మన చరిత్ర చెప్పుకునేటప్పుడు ఈ మాట దాచొద్దు. దాస్తే మనం కూడా ఆ గైడ్ లాగే ఆగాల్సిన చోట ఆగకుండా పోయినట్టు.

తర్వాతి తరంలో బి.ఎస్. వెంకటరావు వచ్చాడు. హైదరాబాద్ అంబేడ్కర్ అని జనం పిలుచుకున్నారు. నిజాం చివరి రోజుల్లో విద్యామంత్రిగా అణగారిన కులాల చదువుకి కోటి రూపాయల నిధి పెట్టించాడు. ఇప్పుడు స్కాలర్‌షిప్ బకాయిల కోసం ధర్నాచౌక్‌లో కూర్చునే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఆ కోటి గురించి తెలుసుకోవాలి. మీరు అడిగేది ఎవరి దయా కాదు. మన తాతలు 1948కి ముందే సాధించి పెట్టిన హక్కు అది.

చాదర్‌ఘాట్ వంతెన 1831 నాటిది. కింద మూసీ. గైడ్ ఇక్కడ 1908 సెప్టెంబర్ 28 వరద గురించి చెప్పాడు. వేలమంది పోయారు. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి 150 మంది బతికారు, ఆ చెట్టు ఇప్పటికీ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. విశ్వేశ్వరయ్యని పిలిపించారు, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు, 1912లో నగరాభివృద్ధి మండలి పెట్టారు. గట్టు మీద హైకోర్టు, ఆసుపత్రి, తోటలు వచ్చాయి. ఇదంతా నిజమే, గొప్ప పనే.

కానీ అదే గట్టు మీద మూసానగర్, శంకర్‌నగర్ ఉన్నాయి. 2024లో అక్కడి ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని రాశారు. ఆ తర్వాత ఇళ్లు పడగొట్టారు. కొందరికి డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు చూపించారు. ఆ మనుషుల పని మాత్రం ఈ కోఠి, అఫ్జల్‌గంజ్, మలక్‌పేట బజార్లలోనే ఉంది. హమాలీలు, ఇళ్లలో పనికి పోయే అమ్మలు, తోపుడుబండ్లవాళ్లు. దళితులు, ముస్లింలు, బీసీలు. నది అందంగా కనపడాలంటే ముందు పక్కకి జరగాల్సింది ఎప్పుడూ వీళ్లేనా? వరద చరిత్ర చెప్పి ఈ ఎర్ర అక్షరాల చరిత్ర చెప్పకపోతే అది సగం చరిత్రే.

నయాపూల్ దాటి చార్మినార్ చేరేసరికి మునిసిపల్ కార్మికులు ఊడవడం ముగించి ఇరానీ చాయ్ తాగుతున్నారు. 1591 నాటి కట్టడం గురించి గంట చెప్పొచ్చు, గైడ్ చెప్పాడు కూడా. ఆ చుట్టూ ప్రతి పొద్దూ శుభ్రం చేసే చేతుల గురించి ఎవరూ అడగలేదు. వాళ్ల వాడలకీ నాయకులున్నారు. 1928లో సికింద్రాబాద్ బొల్లారంలో పుట్టిన మాదిగ బిడ్డ టి.ఎన్. సదాలక్ష్మి ఆంధ్రప్రదేశ్‌లో మంత్రి అయింది, శాసనసభ డిప్యూటీ స్పీకర్ అయింది, పెద్ద వయసులో దండోరాకి అండగా నిలబడింది.

చాయ్ తాగేటప్పుడు గైడ్‌ని పక్కకి పిలిచి అడిగాను. తమ్ముడూ, చాదర్‌ఘాట్‌లో ఆది హిందూ భవనం దగ్గర ఎందుకు ఆగలేదని. “అన్నా, అది మాకిచ్చిన స్క్రిప్టులో లేదే. ఏముంటది అక్కడ?” అన్నాడు. డిగ్రీ చదువుతూ ఆదివారాలు ఈ పని చేసుకునే కుర్రాడు. అతన్ని తిట్టి లాభం లేదు. పైన చెప్పిందంతా క్లుప్తంగా చెప్పాను. వింటూ వింటూ ఫోన్ తీసి పేర్లు రాసుకున్నాడు. “ఇదైతే మస్తుంటది అన్నా, మల్లోపాలి చెప్తా” అన్నాడు. చెప్తాడో, చెప్పనిస్తారో చూడాలి.

మిత్రులారా, నగరం మన విగ్రహం పెట్టడానికి ఒప్పుకుంటోంది. ఎంత ఎత్తైనా పెడుతుంది. మన వీధి దగ్గర ఆగడానికి మాత్రం ఒప్పుకోవడం లేదు. విగ్రహం దగ్గర దండ వేసి పోవచ్చు. వీధి దగ్గర ఆగితే ఆ బడి ఏమైంది, ఆ ఇల్లు ఎందుకు పోయింది, ఆ నిధి ఎక్కడ అని అడగాల్సొస్తుంది.

అందుకే మన రూట్ మనమే వేసుకుందాం. హాస్టల్ పిల్లలు నలుగురైదుగురు కూడండి. గేరు సైకిల్ అక్కర్లేదు, కిరాయిదైనా చాలు. పొద్దున్నే బయల్దేరి ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ ముందు 1953 గురించి ఒకరు చెప్పండి. లింగంపల్లి, కాచిగూడ మీదుగా ఇసామియా బజార్‌లో దిగి 26 బడుల గురించి ఇంకొకరు చెప్పండి. ఆది హిందూ భవనం దగ్గర 1917, 1931 గురించి. చాదర్‌ఘాట్ వంతెన కింద ఇళ్లు పోయిన మనుషుల్ని అడిగి, వాళ్లు చెప్పింది రాసుకోండి. పెద్దవాళ్లు కనపడితే వాళ్ల దగ్గరున్న పాత ఫొటోలు, కరపత్రాలు, సంఘం రశీదులు ఫోన్‌లో తీసుకోండి. మన ఆర్కైవ్ ఇంకా ట్రంకుపెట్టెల్లోనే ఉంది. ఆ పెట్టెలు పెద్దవాళ్లతో పాటే పోతున్నాయి.

మీరు తిరిగిన రూట్ కింద రాయండి. పక్క జిల్లాల మిత్రులు మీ ఊళ్ల రూట్లు పంపండి. వచ్చే భాగంలో లాలాగూడ రైల్వే వర్క్‌షాపు గురించి మాట్లాడుకుందాం.

జై భీమ్.