కర్దాన్ కథ: పాత పికప్ కింద చప్పుడు ఎక్కడిది?

సైట్‌లో పాత పికప్ ఎక్కే ప్రతి ఒక్కరికీ పనికొచ్చే ముచ్చట ఇది. కొంచెం పొడుగు, ఓపికగా చదవండి.

ఇక్కడ సనయ్యాలో ఈజిప్టు మెకానిక్ దగ్గరికి పోతే, గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్ దాకా పోయే పొడుగు గొట్టాన్ని కర్దాన్ అంటాడు. మనం జాయింట్ షాఫ్ట్ అంటాం. ఆ కర్దాన్ ఒక మనిషి పేరు. గెరోలామో కార్డానో, ఇటలీ వైద్యుడు, లెక్కల పండితుడు, 1501లో పుట్టాడు. వలయంలో వలయం బిగించి, బయట ఎంత ఊగినా లోపలి వస్తువు మట్టంగా ఉండే ఏర్పాటు గురించి రాశాడు. అట్ల జాయింటుకు ఆయన పేరు అంటుకుంది.

తర్వాత 1676లో లండన్‌లో రాబర్ట్ హుక్ ఈ జాయింట్ గురించి రాశాడు. యూనివర్సల్ జాయింట్ అన్నది ఆయనే. ఆయనకు కావాల్సింది బండి కాదు, ఆకాశం చూసే పరికరాలు. కానీ అసలు గుణం పట్టుకున్నాడు. మొదటి రాడ్డు సమంగా తిరిగినా, వంకరగా కలిసిన రెండో రాడ్డు సమంగా తిరగదు. ఒక్కో చుట్టుకు రెండుసార్లు వేగం పెరుగుతది, రెండుసార్లు తగ్గుతది. దీనికి విరుగుడు షాఫ్ట్ రెండో కొసన ఇంకో జాయింట్. రెండు కొసల చెవులు ఒకే లైన్‌లో ఉండి, రెండు దిక్కులా వంపు సమానంగా ఉంటే, ముందు వచ్చిన తేడాను వెనకది కొట్టేస్తది.

మొదట్లో చాలా కార్లకు సైకిల్ లెక్క చైనే ఉండేది. అమెరికాలో కార్నెల్‌లో చదివిన క్లారెన్స్ స్పైసర్ 1903లో కార్లకు పనికొచ్చే యూనివర్సల్ జాయింటుకు పేటెంట్ తీసుకుని, 1904లో తయారీ మొదలుపెట్టాడు. 1968లో వచ్చిన టయోటా హైలక్స్ కింద కూడా ఆ రకం షాఫ్టే.

ఇప్పుడు చప్పుళ్ల సంగతి. గేర్ వేసి క్లచ్ వదిలినప్పుడు టక్ అంటే ముందు క్రాస్ ఆట చూడండి. మెల్లగా పోతుంటే కిచకిచ అంటే క్రాస్‌లో గ్రీజు ఎండింది. బండి కదిలేటప్పుడే వణికితే సెంటర్ బేరింగ్ రబ్బరు చూడాలి. యాక్సిలరేటర్ తొక్కితే ఊళ వేసి, వదిలితే మారితే క్రౌన్ పినియన్. చక్రం ఒక చుట్టు తిరిగేలోపు షాఫ్ట్ దాదాపు నాలుగు చుట్లు తిరుగుతది. అందుకే షాఫ్ట్ అదురు సన్నగా, జోరుగా సీటు కింద తెలుస్తది. ముందు టైరు అదురు స్టీరింగ్‌లో తెలుస్తది.

మా దగ్గర ఒక బండికి గ్యారేజీ నుంచి వచ్చిన రోజు నుంచే, స్పీడు ఎనభై దాటితే అదురు. డ్రైవర్ తమ్ముడి మీద పడ్డారు, నడపడం రాదని, జీతంలో కోస్తామని. టైర్లు బ్యాలెన్స్ చేయించినా తగ్గలేదు. కింద దూరి చూస్తే ముందు చెవులు, వెనక చెవులు ఒక లైన్‌లో లేవు. జారే ముక్కను వేరే పళ్లలో బిగించారు. విప్పి సరిగ్గా పెట్టగానే అదురు పోయింది. హుక్ మూడు వందల ఏళ్ల కింద పట్టుకున్న ముచ్చటే ఆ పిల్లగాని జీతం కాపాడింది.

అందుకే షాఫ్ట్ విప్పే ముందే జాయింట్ల దగ్గర రెండు దిక్కులా మార్కర్‌తో గీత గీయమనండి. ఎక్కువ లోడ్ కోసం కమాన్ పట్టీలు ఎక్కించినా వంపు మారుతది, అదీ గుర్తుంచుకోండి. చప్పుడు చిన్నదే కదా అని వదిలేయకండి. క్రాస్ విరిగితే షాఫ్ట్ రోడ్డు మీద పడుతది, ఆ టైంకు బండిలో ఉండేది మనోళ్లే.